పెంట బండి

పెంట ఎరువు బండి చేను గట్టు కాడికి రాంగనే ఎల్లవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

“నాకద్దు సార్. గట్టవతల సీమోను చేనుకు పంపు.”

మోస్రా ఊర్ల బీద రైతులకు మా సంస్థ ఉత్తగనే ఇస్తున్న ఎరువు అది. వద్దన్నోళ్లను నేను అప్పటిదాక చూడలేదు.

ఆమె కొంగుముడి విప్పి, పోయిన నెల నేనే ఇచ్చిన మట్టి పరీక్ష కాగితం తీసింది. తడవకుండ ప్లాస్టిక్ కవర్ల పెట్టుకున్నది.

“నా మట్టిల కర్బనం మస్తుగున్నదని నువ్వే సదివితివి గద. మట్టికి గదే పానమంటివి. ఇన్నేండ్లు అందరు దీన్ని పనికిరాని భూమన్నరు. మా పెనిమిటి గూడ గదే అనుకుంట సచ్చిపోయిండు. సీమోనుది పాపం, పానం లేని మట్టి. ఆయనకే పోయనియ్యి.”

“సరే అవ్వా” అన్న. బండిని సీమోను చేను దిక్కు మళ్లించిన.

ఎల్లవ్వ కాగితాన్ని పైలంగ మడిచి మళ్ల కొంగుల కట్టుకున్నది.

పరీక్షకు ఆ మట్టి తీసింది నేనే. ఆ రోజు వాన పడుతుండె. చేన్లకు దిగితే బూట్లు ఖరాబైతయని, గట్టు పక్కన పాత పెంటకుప్ప కాడనే తవ్వి సంచి నింపిన.