ఇంగ్లీషులో చెప్పిన మాట

"మన సాంచాల ఫొటో సూపెట్టినవ్, అందరు సప్పట్లు కొట్టిండ్రు. ఇంగ్లీషుల ఏం జెప్పినవ్ బిడ్డా?"

ఎంబీఏ చదివే కూతురు క్లాసులో మాట్లాడుతుందని సిరిసిల్లలో సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానా వదిలి జగిత్యాల వచ్చిన కనకయ్య ముఖం వెలిగిపోతోంది. లాస్య ల్యాప్‌టాప్ మూసి సంచిలో సర్దుకోసాగింది.

ఇంతలో ఫైనాన్స్ సారు వచ్చాడు. "మీ అమ్మాయి మొహమాటపడలేదండీ. పెట్టుబడికి తగ్గ రాబడి లేదు కాబట్టి సొంత కార్ఖానా అయినా మూసెయ్యాలంది."

కనకయ్య నవ్వు ఆగిపోయింది. సారు వెళ్ళిపోయాడు.

"బాపూ..."

"నువ్వు తప్పు జెప్పలే బిడ్డా. మూసుడే మంచిదని నాకు గూడ ఎరికే. రాజవ్వకు మాత్రం నువ్వే చెప్పు. చిన్నప్పుడు నిన్ను ఒళ్లో పండవెట్టుకొని మన కార్ఖాన్ల నూలు కండెలు చుట్టింది, ఇప్పటికీ గా పనితోనే బతుకుతున్నది. ఆమెకు చెప్పనీకి నాకు నోరొస్తలేదు."

లాస్య తలెత్తలేకపోయింది.