గూళ్ళ కాలం

పక్షి ముక్కు మొదటి పోటు వదిన నడినెత్తి మీద పడింది. తడుముకుంటే వేళ్ళకి రక్తం అంటింది.

శాలువా తల మీదికి లాక్కోమన్నాడు మరిది. కొండ అంచు వెంట పావుగంటలో నడిచేసే కాలిబాట అది. ఎడమ పక్కన తాడు కట్టారు. తాడు దాటితే నేల మీదే సముద్రపు పక్షుల గూళ్ళు. ఆ తరవాత అంచు, కింద నీళ్ళు.

పోయినేడు ఇదే గూళ్ళ కాలంలో అన్న ఆ అంచు మీంచి పడి చనిపోయాడు. డ్రాయింగు మాస్టారు, పక్షుల బొమ్మలు గీసుకోవడానికి వచ్చాడు. తాడు అవతల నాలుగు గూళ్ళు నుజ్జయి ఉన్నాయనీ, కాలు జారి ఉంటుందనీ పోలీసులు రాసుకుపోయారు. అమ్మ ఒప్పుకోలేదు. అన్న చెయ్యి ఎంత దురుసో, వదిన వీపు మీద బెల్టు వాతలు ఎన్నో ఇంట్లో అందరికీ తెలుసు. ఆ కసితో కోడలే తోసేసిందని ఏడాదిగా అమ్మది ఒకటే మాట. తను ఆ రోజు ఇల్లు కదల్లేదనీ, ఈ చోటే ఎరగననీ వదిన చెప్పింది. మరిది నమ్మాడు. దేవుడి పటం ముందు ఒట్టేసి ఆ మాట నువ్వు చెప్పు, కోడల్ని ఇంట్లోకి రానిస్తానని మరిదితో అంది అమ్మ. ఇవాళ సాయంత్రమే ఆ ఒట్టు. దేవుడి పేరు తేలిగ్గా వాడే మనిషి కాదతను. ముందు అన్న పోయినచోట ఇద్దరూ ఒక దణ్ణం పెట్టుకుందామని తనే తీసుకొచ్చాడు.

రెండో పక్షి దిగింది, మూడోది దిగింది. వదిన చెవి తమ్మె చీలి మెడ తడిసిపోయింది. శాలువా ఎరుపు చూసి రెచ్చిపోతున్నాయేమోనని అతను దాన్ని లాక్కుని తన తలకి చుట్టుకున్నాడు. పక్షులు ఎత్తుగా ఉన్న తలనే పొడుస్తాయంటారు, అతను వదినకంటే జానెడు పొడుగు కూడా. అయినా అవి అతని భుజం పక్కనుంచి దూసుకెళ్ళి ఆమెనే పొడిచాయి. ఎదురొస్తున్న ముసలి దంపతులు నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు.

ఈవిడ ఇంకా ఎంత పడాలి స్వామీ, అనుకున్నాడతను.

వదిన మోకాళ్ళ మీద కూలబడి మొహం దాచుకుంది. ఆ చేతుల్నే పీకుతున్నాయి. అతను చేతికర్ర తిప్పి కొట్టాడు. ఒక పక్షి రెక్క విరిగి బండ మీద గిలగిల్లాడింది. రెండో దెబ్బకి దాని తల చితికింది.

గూళ్ళకి కాపలా ఉండే మనిషి పరిగెత్తుకొచ్చి, కర్ర లాగేసి, చెంప ఛెళ్ళుమనిపించాడు.

"గుడ్లు పొదిగే తల్లినయ్యా అది. నీకు చేతులెలా వచ్చాయి?"

"మనిషిని పీక్కు తింటుంటే హారతి పట్టమంటావా? పిచ్చి పక్షుల్ని జనం మీదికి వదిలి నన్ను కొడతావా?"

కాపలా మనిషి గొడుగు తెరిచి వదిన తలకి అడ్డం పెట్టాడు. తన గదిలో మందుంది, రమ్మన్నాడు. ఆమె తల ఎత్తలేదు.

"లే వదినా," అన్నాడు మరిది, రెక్క పుచ్చుకుని. "అమ్మ నోటికే తట్టుకున్నదానివి, వీటి ముక్కులొక లెక్కా?"

ఆమె అతని వైపు చూడలేదు.

"ఇంతమంది నడుస్తుంటే ఈవిడ మీదే ఎందుకు పడ్డాయి మరి?" అని అడిగాడతను.

కాపలా మనిషి చచ్చిన పక్షిని రెండు చేతులా ఎత్తుకున్నాడు.

"పదహారేళ్ళుగా చూస్తున్నాను బాబూ, దారిన పోయేవాళ్ళ జోలికి ఇవి రావు. తమ గూడు తొక్కినవాళ్ళని మాత్రం ఏడాదైనా మరిచిపోవు."