సముద్రం వైపు గది

"గది ఇచ్చేశాను," అన్నాడు గెస్ట్‌హౌస్ యజమాని, తలుపు సగమే తీసి.

"గది ఉంచుతానని ఫోన్లో అన్నారు కదా," అన్నాడు ఆన్సిల్.

"అన్నాను. నువ్వు అడ్వాన్స్ పంపలేదు, పంపినవాళ్ళు వచ్చేశారు. ఈస్టర్ వారం నాయనా ఇది. మేకల పందేలు అయ్యేదాకా టొబాగోలో కోళ్ళగూడు కూడా ఖాళీగా ఉండదు."

తలుపు మూసుకుంది.

ఆ శనివారం మధ్యాహ్నం కస్టారా ఊళ్ళో ఆన్సిల్ ఇంకో మూడిళ్ళు తిరిగాడు. రెండిట్లో లేదన్నారు. మూడో ఇంట్లో ఉందన్నారు కానీ, వాళ్ళు చెప్పిన అద్దె పక్క దీవి ట్రినిడాడ్‌లో, బేకరీలో అతని పదిహేను రోజుల జీతం. తిరిగి రోడ్డు మీదికొచ్చేసరికి భార్య షెర్మేన్ పెట్టె మీద కూర్చుని ఉంది. ఓడ ప్రయాణానికి ఆమె పాదాలు రెండూ వాచిపోయాయి.

"పందెం మేకలకి కొట్టాలుంటాయిగా, అక్కడా అడిగి రా," అంది మొగుడితో. "నేనో మూల పడుకుంటాను. నువ్వు వాటితో పాటు పరిగెత్తు."

"వెనక్కి పోదామా?"

"బుధవారం దాకా ఓడలో సీట్లు లేవని నువ్వేగా చెప్పావు."

అంతలోనే ఆమె గొంతు తగ్గించి అంది. "బిడ్డ పుట్టాక మనం ఎక్కడికీ కదల్లేం. ఈ ఒక్కసారి సముద్రం పక్కన నాలుగు రోజులుందామనుకున్నాను. అంతే."

ఎత్తిపొడుపుల కంటే ఈ మాట అతనికి ఎక్కువగా తగిలింది.

"ఎన్నో నెల?" అని వినిపించింది పైనుంచి.

రోడ్డుకి ఎగువన ఉన్న నీలం రంగు ఇంటి వరండాలో ఒక సన్నటి మనిషి నిలబడి ఉంది. అరవై ఏళ్ళుంటాయి. భుజం మీద తువ్వాలు.

"ఏడు, టాంటీ," అంది షెర్మేన్. ఆ దీవుల్లో ముక్కూమొహం తెలియని పెద్దావిడైనా టాంటీయే.

"ఏడో నెల పిల్లని ఎండలో కూర్చోబెట్టి ఏం చూస్తున్నావయ్యా? తీసుకురా పైకి."

ఆవిడ పేరు యులాలీ. సముద్రం వైపు గది తలుపు తీసి, షెర్మేన్‌ని మంచం మీద కూర్చోబెట్టి, కాళ్ళకింద దిండు పెట్టింది. కిటికీ నిండా సముద్రమే.

ఆన్సిల్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. "అద్దె ఎంతో చెప్పండి టాంటీ. నేను ఎక్కువ ఇచ్చుకోలేను."

"నీకు వల లాగడం వచ్చా?"

"నేర్చుకుంటాను."

"పొద్దున్నే ఒడ్డున వల లాగుతారు. చెయ్యి వేసినవాడికి నాలుగు చేపలిస్తారు. అవి తెచ్చి నా చేతిలో పెట్టు, వండుతాను. అదే అద్దె."

"మరి మీరెక్కడ పడుకుంటారు?"

"వరండాలో ఊయల కట్టి ఉంది చూడలేదా? గాలికి ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది."

ఆ నాలుగు రోజులూ ఆన్సిల్ చేతులు తాడు రాపిడికి బొబ్బలెక్కాయి. అయినా చేపలు తెచ్చిన ప్రతిసారీ ఏదో గెలుచుకొచ్చినవాడిలా మెట్లెక్కేవాడు. యులాలీ వంటింట్లో అగ్గిపెట్టె కోసం అరలన్నీ తెరిచి చూసేది. ఉప్పు దొరక్క తనలో తనే నవ్వుకునేది. వండితే మాత్రం కొబ్బరిపాలలో ఉడికిన చేపలూ, పిండి ఉండలూ గిన్నెలో మిగిలేవి కావు. సాయంత్రాలు షెర్మేన్ పాదాలు ఒళ్ళో పెట్టుకుని కొబ్బరినూనె రాసేది.

"మా అమ్మ కూడా ఇలా రాయలేదు," అంది షెర్మేన్.

"మీ అమ్మకి తీరిక ఉండి ఉండదు. నాకుంది."

మంగళవారం ముగ్గురూ కలిసి బుకూ ఊరు వెళ్ళి మేకల పందేలు చూశారు. షెర్మేన్ పందెం కట్టిన మేక మధ్యలో ఆగి, ఎవరిదో టోపీ నమలడం మొదలుపెట్టింది. షెర్మేన్ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆమె అంతలా నవ్వగా చూసి చాలాకాలమైందని ఆన్సిల్‌కి అప్పుడు తెలిసింది.

బుధవారం పొద్దున పెట్టె సర్దుకున్నారు. యులాలీ అప్పటికే ఒడ్డుకి దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉంది. ఇంతలో ఇంటి ముందు ఒక ట్రక్కు ఆగింది. నలభై ఏళ్ళ మనిషి తాళాలగుత్తి ఊపుకుంటూ మెట్లెక్కాడు. పేరు కత్‌బర్ట్ అని చెప్పాడు.

యులాలీ కొడుకై ఉంటాడనుకుని ఆన్సిల్ రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకున్నాడు. "మీ అమ్మగారి మేలు మేం బతికున్నంతకాలం మరిచిపోం సార్. ఆవిడ లేకపోతే మా ఆవిడ రోడ్డు మీద పడుకునేది. ఆడపిల్ల పుడితే ఆవిడ పేరే పెడతాం."

"మా అమ్మా?" అన్నాడు కత్‌బర్ట్ అయోమయంగా. "మా అమ్మ పోయి పదేళ్ళయింది. మీరు యులాలీ గారి చుట్టాలు కారా?"

"కాదండీ. ఆవిడ ఇంట్లో దిగాం."

"ఇల్లు నాదయ్యా. ఆవిడ ట్రినిడాడ్‌లోని సాన్ ఫెర్నాండోలో ఆస్పత్రి దుప్పట్లు ఉతుకుతుంది. శనివారం పొద్దుటి ఓడకే వచ్చింది, ఇవాళ్టి ఓడకే వెళ్ళిపోతుంది. జీవితంలో ఒక్కసారైనా సముద్రం వైపు గదిలో పడుకోవాలని ఏడాది పొడుగునా నెలనెలా డబ్బు పంపింది," అని అతను గదిలోకి తొంగిచూస్తూ అడిగాడు. "మంచం ఆవిడకి సౌకర్యంగా ఉందటా?"