తొలిచూలు

“ఇదే మొదటి కడుపు కదూ?” చేతిలోని కాగితం మీంచి కళ్ళెత్తకుండానే అడిగింది డాక్టర్ శశికళ.

“అవునండీ,” అంది ప్రమోదిని. పక్కనే స్టూలు మీద అత్త పైడమ్మ కూర్చుని ఉంది.

పెళ్ళయి ఏడాది దాటింది. కవిటి దగ్గర కొబ్బరితోటల మధ్య ఉన్న ఆ ఇంట్లో కాలుపెట్టిన నాటినుంచీ పైడమ్మ కోడల్ని ఒంటరిగా గడప దాటనివ్వలేదు. పుట్టింటికి పంపినా వెంటే వచ్చేది, పొద్దు వాలకముందే వెంటబెట్టుకుపోయేది. ఇరుగుపొరుగు పెళ్ళికి ముందు సంగతులేవైనా అడిగితే కోడలికి బదులు తనే జవాబిచ్చేది. ఈవేళ కూడా కొడుకు ఎల్లాజీ వస్తానంటే వద్దని, పలాస నర్సింగ్ హోముకి తనే తీసుకొచ్చింది.

“ఏటమ్మా, ఏటొచ్చింది దాంట్లోన?” అంది పైడమ్మ.

“మీ కోడలిది నెగటివ్ గ్రూపు, మీ అబ్బాయిది పాజిటివ్. బిడ్డకి తండ్రి గ్రూపు వస్తే ఒక్కోసారి తల్లి రక్తమే బిడ్డ రక్తాన్ని పాడుచేస్తుంది. మామూలుగా మొదటి బిడ్డకి ఆ భయం ఉండదు, రెండో కడుపు నుంచే. కానీ ఈ రిపోర్టులో అప్పుడే మొదలైందని ఉంది.” డాక్టరు ప్రమోదిని వైపు తిరిగింది. “ఎప్పుడైనా రక్తం ఎక్కించారా?”

“లేదండీ.”

“కడుపు పోవడం గానీ, తీయించుకోవడం గానీ?”

టెక్కలిలో డిగ్రీ చదివే రోజుల్లో ప్రమోదినిని పెళ్ళి చేసుకుంటానన్నవాడు ఊరొదిలి పోయాడు. మూడో నెలలో అమ్మ గుట్టుగా బరంపురం తీసుకెళ్ళి తీయించింది. ఎవరికీ చెప్పనని తన తలమీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించుకుంది.

“లేదండీ.”

“అయితే రిపోర్టే తప్పయి ఉండాలి. మూడు వారాలాగి మళ్ళీ చేయిద్దాం.”

“తప్పు కాకపోతేనండీ?”

“అన్నాళ్ళు ఆగితే బిడ్డ దక్కకపోవచ్చు. ఇప్పుడు స్కానింగులో చూస్తూ కడుపులో ఉన్న బిడ్డకే రక్తం ఎక్కిస్తున్నారు. దానికైతే ఈ వారమే హైదరాబాదు పంపాలి. కానీ ఖాయంగా తెలియకుండా ఆరో నెల మనిషిని అంత దూరం ఎలా పంపను?”

లోపల బిడ్డ కదిలింది. ప్రమోదిని పొట్ట మీద చెయ్యి వేసుకుంది. చెబితే కాపురం పోతుంది, చెప్పకపోతే ఈ బిడ్డ పోతుంది. అత్త ఒక్క నిమిషం లేచి వెళ్తే చాలు.

డాక్టరుకి అనుమానం తగిలినట్టుంది. “పెద్దమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి.”

“నానెల్లను. నా కాడ దానికి దాపరికమేటి?” పైడమ్మ కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“అత్తా, దాహమేత్తంది. మంచినీళ్ళు తెచ్చిపెట్టవా?”

“తరవాత తాగుదువులే.”

ప్రమోదిని చెయ్యి లాక్కోబోయింది. ఆ పట్టు సడలలేదు. డాక్టరు నిట్టూర్చి కలం తీసింది.

“సరే, మొదటి కడుపనే రాస్తున్నాను. మూడు వారాల తరవాత రండి.”

ప్రమోదిని నోరు తెరిచింది. కలం కాగితాన్ని తాకింది.

“అలగ రాయకమ్మా, ఇది రెండో కడుపు,” అంది పైడమ్మ.