దైవం ఉయ్యాల

మా బావమరిది సంజీవ బల్లాళ పేరున్న చిత్రకారుడు. ఉడుపికి దూరంగా, పోకతోట నడుమ కట్టుకున్న ఇంటినిండా పాత మందసాలు, నల్లచేవ కుర్చీలు, దేశదేశాల చిత్రపటాలు చేర్చాడు. ఆనాడు చీకటి పడ్డాక, కొత్తగా కొన్న ఉయ్యాలబల్లను గర్వంగా చూపించాడు. ఇత్తడి గొలుసులను చూడగానే నేను దానిని గుర్తుపట్టాను. అది శిథిలమైన భూతదైవం గుడిలోనిది. మా తుళునాట అటువంటి ఉయ్యాల మీద దైవం కత్తిని మాత్రమే పడుకోబెడతారు. మనుషులు కూర్చోరు.

సంజీవుడు ఉయ్యాలతో పాటు కొనితెచ్చిన దైవం కత్తిని గోడకు అలంకారంగా తగిలించి, ఉయ్యాల మీద తాను కూర్చున్నాడు.

"లేవరా! అది నీ ఆసనం కాదు."

"దైవం వచ్చి అడిగితే పక్కకు జరిగి చోటిస్తాలెండి, బావగారూ! పెద్ద బల్లే, ఇద్దరం పడతాం."

దీపాలు ఆరిపోయాయి.

హాలు అవతలి కొసన గుడ్డ చిరిగిన చప్పుడు వినిపించింది. మరొకటి, కొంచెం ఇవతల. గోడ వెంట చిత్రపటాలను ఒక్కొక్కటిగా నిలువునా చీల్చుకుంటూ ఏదో మా వైపు వస్తున్నది. సంజీవుడు ఉయ్యాల దిగి తడుముకుంటూ వచ్చి, నా మణికట్లు రెండూ గట్టిగా పట్టుకున్నాడు.

"చాల్లెండి పరాచికాలు! కత్తి తీసింది మీరే కదూ?"

"నా చేతులు రెండూ నీ చేతుల్లోనే ఉన్నాయి కదరా."

మరొక వేటు పడింది. ఈసారి చప్పుడు గుడ్డది కాదు. నా ముఖం మీద వెచ్చగా చిందింది. నా మణికట్లను పట్టుకున్న వేళ్లు సడలలేదు. వాటి వెనుక మనిషి మాత్రం లేడు.

చీకటిలో గొలుసులు కిర్రుమన్నాయి. ఎవరో ఉయ్యాల మీద కూర్చొని, పక్కకు జరిగి చోటిచ్చినట్లు.