తెర దించని రాత్రి

రంగూన్‌లోని ఆ నాటకశాలలో ఈల వేస్తే తెర దించమని అర్థం. అందుకే లోపల ఎవరూ సరదాకైనా ఈల వేసేవారు కాదు.

లండన్‌లో పేరు తెచ్చుకుని, మూకీ సినిమాల్లోనూ వేసిన హెస్టర్ దొరసాని మొన్న ఒళ్లు కాలిపోయే జ్వరంతోనే వేషం కట్టింది. నాటకంలో ఆఖరి మాటలు చెప్పందే వేదిక దిగనంది. ఆ మాటలు రాకముందే మేనేజరు ఈల వేశాడు. తెర తాడు లాగే సింహాద్రి తెర దించేశాడు. తెల్లారేసరికి ఆమె పోయింది.

ఈ రాత్రి ఖాళీ వేదిక ఊడ్చడానికి సింహాద్రి తెర ఎత్తాడు. తాడు గూటానికి కట్టబోతుంటే, చీకట్లో చెక్కల మీద ఎత్తుమడమల జోళ్ల చప్పుడు నడిచొచ్చి నడిమధ్యన ఆగింది. సన్నటి ఆడగొంతు ఇంగ్లీషులో మొదలైంది.

వెంటనే పక్కనుంచి ఈల.

అన్నం క్యారేజీతో గుమ్మంలో నిలబడ్డ అతని భార్య పైడమ్మ ఉలిక్కిపడింది. "ఈలెవుడేసినాడు? మేనేజరు నిన్ననే ఓడెక్కీసినాడు కదా."

"ఎవుడైతే నాకేటి? ఆయమ్మ ఆకరి మాటవనీ. ఈపాలి దించను."

తెర దానంతటదే దిగబోయింది; తాడు అరచేతుల్ని ఒరుసుకుంటూ పైకి గుంజింది. సింహాద్రి మడమలు నేలనుంచి లేచాయి. గొంతు మాత్రం ఆగలేదు.

ఈసారి ఈల అతని చెవి పక్కనే వినిపించింది, చల్లటి ఊపిరితో.

సింహాద్రి తాడును మణికట్టుకు ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.