నాలుగెకరాల కర్బూజ

“ఆ పేరు కొట్టేయమ్మా,” అన్నాడు పుల్లయ్య, సచివాలయం గోడకు అంటించిన జాబితాలో ఏడో వరుస మీద వేలు పెట్టి.

ఏడో వరుసలో బసవన్న పేరుంది. కరోనా కాలంలో పంట అమ్ముకోలేకపోయిన రైతులకు సాయం. నాలుగెకరాల కర్బూజకు ఎనభై వేలు. అభ్యంతరాలకు అదే ఆఖరి రోజు.

“ఎందుకు కొట్టేయాలి పెద్దాయనా?” ఉద్యాన సహాయకురాలు లక్ష్మీప్రియ అడిగింది.

“గట్టుకు ఆపక్క వాంది, ఈపక్క నాది. ఒకే దినం నాటితిమి. వానికొచ్చి నాకెందుకు రాలే?”

“మీ కాయలు అమ్ముడుపోయాయి కదా.”

“అమ్ముకునేది నా తప్పా?”

కోతల వారం ఆ ఊరి నుంచి మార్కెట్‌కు చేరినవి పుల్లయ్య కాయలే. అడిగిన ధర పలికింది. బోరుకు కొత్త మోటారు పెట్టాడు, ఇంటికి రంగు వేయించాడు. అయినా బసవన్న పేరు గోడ మీద చూసినప్పటినుంచి ముద్ద దిగడం లేదు. మూడుసార్లు వచ్చి చదువుకున్నాడు. మూడుసార్లూ ఎనభై వేలే.

జేబులోంచి అర్జీ తీసి బల్ల మీద పెట్టాడు.

ఎవరు చెప్పారో, బసవన్న తన భార్య ఈరక్కను వెంటబెట్టుకొని వచ్చేశాడు.

“ఏమన్నా, నా మింద అర్జీ పెడతాండావంట?”

“పెడతా. నీ పంట పోయింది కరోనాతో కాదు, నీ చేతగానితనంతో.”

“కోసి గట్టున పోసింటి గదన్నా! లారీ ఊరి కాడికొచ్చి మళ్లిపాయ.”

“డ్రైవరుకు జ్వరమని ఎవడో పోలీసోళ్లకు ఫోన్ చేసి చెప్పినాడంట,” అంది ఈరక్క. “ఆ పిల్లోనికి ఏమీ లేదు. ఇంకో లారీ దొరకలే. జేసీబీతో గుంత తీసి పూడ్చినాం. ఆ వాసన ఇంకా నా ముక్కులోనే ఉండాది.”

“మొగుడూ పెండ్లాం ఏడ్చేది బాగా నేర్చినారు,” అన్నాడు పుల్లయ్య.

లక్ష్మీప్రియ అర్జీ చదివింది. “దీన్ని తీసుకుంటే విచారణకు పంపాలి. లారీని ఎందుకు తిప్పి పంపారో తెలియడానికి స్టేషన్‌లో రికార్డులు, ఆ ఫోన్ నంబరు, అన్నీ చూస్తారు. తేలేదాకా బసవన్నకు సాయం రాదు. రెండు నెలలు పట్టొచ్చు.”

“రెండు నెలలా!” బసవన్న బల్ల దగ్గరికి జరిగాడు. “అప్పటికి అదును పోతాది మేడం. ఈ కారు పంట కూడా లేక చేను బీడు పెట్టాల్సిందే.”



ఈరక్క ఆయన ముందుకొచ్చి కొంగు పట్టింది. “బావా, నీకు రాలేదనే గదా నీ బాధ? సగం నువ్వే తీసుకో. మాకు విత్తనాలకొస్తే సాలు.”

పుల్లయ్య ఆ కొంగువైపు చూశాడు. బసవన్న వైపు చూశాడు. బల్ల మీది కాగితం తీసుకుని నాలుగు ముక్కలు చేశాడు.

“నీ సగం నాకెందుకులే తల్లీ. పండించుకోండి.”

బసవన్న వంగి ఆయన కాళ్లు పట్టుకున్నాడు. లక్ష్మీప్రియ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

“ఎంత మంచి మనసు పెద్దాయనా మీది!” అంది.

డ్రైవరుకు జ్వరమని స్టేషన్‌కు ఫోన్ చేసింది పుల్లయ్యే.